పది ఆకుపచ్చ టిక్కులు

మొన్న సోమవారం పొద్దున్నే మా ఆఫీసులో కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంట్ నా ఫోనుకి మెసేజ్ పెట్టింది. "మేడమ్, అయామ్ ఎ బిట్ అండర్ ది వెదర్. వన్ డే లీవ్ ప్లీజ్" అని. ఒంట్లో కాస్త నలతగా ఉందని ఇంగ్లీషులో మర్యాదగా చెప్పే మాట అది. అందరూ వాడేదే. చదవగానే ఆమె నంబరు వెతికాను. ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను. మూడోసారి ఎత్తింది.

"ఏమైంది? ఎక్కడ బాగలేదు?"

"జర జలుబు మేడం. అంతే."

"నీళ్లు మస్తు తాగుతున్నవా? ఎంత తాగినా దాహం తీరుతలేదా? ఈ మధ్య సన్నబడ్డవా?"

"లేదు మేడం. ఉత్త జలుబే."

"అయితే జలుబని రాయి. ఇంకోసారి నాకు ఆ ఇంగ్లీషు ముక్క పంపకు."

పాపం, బిత్తరపోయి ఉంటుంది. మేడమ్‌కు లీవు అడిగితే పడదని ఆఫీసులో ఇప్పటికే పేరుంది. ఉండనీ. ఆ మాట విని నేను ఒకప్పుడు ఊరికే కూర్చున్నాను. ఒక్కసారి కాదు, చాలాసార్లు. ఇప్పుడు ఎవరు అన్నా అది నాకు ఒకే మనిషి గొంతులో వినబడుతుంది.

అతని పేరు రాయను. చిక్కడపల్లి లైబ్రరీ ఆవరణలో అతణ్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు ఎవరూ లేరు. ఇడియం అన్న అనేవారు. జగిత్యాల అవతల ఏదో పల్లె. అశోక్ నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కి చదివేవాడు. లోపల సీటు దొరకని మాలాంటివాళ్లం బయట రేకుల షెడ్డు కింద సొంత కుర్చీలు వేసుకుని చదువుకునేవాళ్లం. అన్న కుర్చీ నా కుర్చీ పక్కనే. దిట్టమైన మనిషి. గళ్ల చొక్కా, ఎప్పుడూ మోచేతుల దాకా మడిచి ఉండేది. కూర్చునే ముందు దస్తీతో కుర్చీని నాలుగు మూలలా తుడిచేవాడు, ఆ పైన కాలెండర్‌లో తేదీ కొట్టేసి, "ఇయ్యాల్టి నుంచి అసలు కథ మొదలు చెల్లె" అనేవాడు. రోజూ అదే మాట. నాకు ఒళ్లు మండేది. "నిన్నటిదాకా ఏం నడిచింది అన్నా, ట్రైలరా?" అంటే పళ్లన్నీ కనబడేలా నవ్వేవాడు.

మాది నారాయణగూడ. నాన్నకు స్టేషనరీ కొట్టు. ఇంగ్లీషు మీడియంలో చదివాను, ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకునేదాన్ని. నోరు మాత్రం దురుసు. అన్నకు నేను ఇంగ్లీషు పరీక్షాధికారిని. ఆ ఉద్యోగం నాకు అతనే ఇచ్చాడు.

దాని వెనక ఒక అవమానం ఉంది. చదువుకుంటూనే సగం పూట ఏదైనా పని దొరుకుతుందేమోనని ఒకసారి బషీర్‌బాగ్‌లో ఒక ప్రైవేటు ఆఫీసుకు వెళ్లాడట. ఆ రోజు జ్వరం. ముందు గదిలో అమ్మాయి ఇంగ్లీషులో ఎలా ఉన్నారని అడిగింది. అడిగింది కదా అని అన్న ఉన్నదంతా చెప్పాడు. జ్వరంతోను, ఒళ్లు నొప్పులతోను బాధపడుతున్నానని, నిన్న రాత్రి నుంచి నోరు చేదుగా ఉందని, లీవ్ లెటర్‌లో నేర్చుకున్న ఇంగ్లీషులో అప్పజెప్పాడు. అక్కడున్న ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. వాళ్లలో ఒకాయన జాలిపడి, "అంత చెప్పక్కర్లేదు బ్రదర్, అండర్ ది వెదర్ అంటే సరిపోతుంది" అని పంపేశాడు.

ఈ సంగతి అన్న నాకు నవ్వుకుంటూనే చెప్పాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"అర్థం నాకు ఎరికనే చెల్లె. పుస్తకంల చదివిన. నాలిక మీదికి రాలె. నాలిక మీదికి రానిది ఎంత చదివితె ఏం ఫాయిదా?"

ఆ వారమే కోఠి వెళ్లి పాత పుస్తకాల వాళ్ల దగ్గర ఒక ఇడియమ్స్ పుస్తకమూ, అట్ట గట్టిగా ఉన్న ఒక నోటుబుక్కూ కొనుక్కొచ్చాడు. పేజీకి ఒక ఇడియం. దాని కింద స్కేలు పెట్టి గీసిన పది గళ్లు. ఆ మాటను మామూలు కబుర్లలో ఎవరితోనైనా వాడినప్పుడల్లా ఒక గడిలో టిక్కు. పది నిండితే ఆ మాట తనదైనట్టు. టిక్కు తను పెట్టుకోకూడదు, నేను పెట్టాలి. నా దగ్గర ఆకుపచ్చ పెన్ను ఉండేది. గెజిటెడ్ ఆఫీసర్లు సంతకం పెట్టే రంగు అది. ఎప్పటికైనా ఆఫీసర్నవుతానని నాన్న కొట్లోంచి ముందే తెచ్చి పెట్టుకున్నాను. అందరూ ఎగతాళి చేశారు, అన్న చెయ్యలేదు.

"నువ్వెట్లయిన ఆఫీసర్ అయితవ్. ఇప్పటిసంది అటెస్టేషన్ అలవాటు చేసుకో. నావి నువ్వే అటెస్ట్ చెయ్యాలె" అన్నాడు.

ఒక నియమం పెట్టాడు. చెప్పింది నిజమై ఉండాలి. అవసరం లేని చోట ఇడియం ఇరికించి టిక్కు కొట్టెయ్యడం కుదరదు. ఒకసారి మా షెడ్డులో ఒకతనితో, బిర్యానీ ఎప్పుడో అమావాస్యకో పున్నానికో తింటానని చెప్పడానికి వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ అన్నాడు. బాగా కుదిరింది, నేను పెన్ను తీశాను. అన్న నా చెయ్యి ఆపేశాడు.

"వద్దు చెల్లె. పోయిన ఐతారం తిన్న, మొన్న సుత తిన్న. అబద్ధానికి టిక్కు లేదు."

అట్లా ఉండేవాడు. పీస్ ఆఫ్ కేక్ అనే పేజీలో, అంటే చాలా సులువు అని చెప్పే మాటకు, నాలుగు నెలల్లో రెండే టిక్కులు. అతని జీవితంలో సులువుగా అయిన పనులు ఆ రెండే కాబోలు. ఒకటి పోస్టాఫీసులో స్పీడ్ పోస్ట్, ఇంకొకటి నా సైకిల్ చైన్ ఎక్కించడం. నోటుబుక్కు మొదటి పేజీ అండర్ ది వెదర్. అందులో ఒక్క టిక్కూ లేదు. మనిషికి ఏ రోగమూ లేదు మరి.

"అందరికి దగ్గులు, జ్వరాలు. నాకేమో ఒక్క తుమ్ము రాదాయె. గీ పేజీ ఎట్ల నిండాలె చెల్లె?" అని దిగులుపడేవాడు.

"ఎండల నిలబడు అన్నా, అదే వస్తది" అన్నాను నేను.

ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ నోరు కొట్టుకుంటాను.

ఆ వేసవి మొదట్లో అన్న నీళ్ల సీసా మారింది. లీటరు సీసా పోయి రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా వచ్చింది. ఎండలు ముదిరాయి, రేకుల కింద అందరం నీళ్లు తాగుతూనే ఉన్నాం, అందుకని ఎవరూ పట్టించుకోలేదు. మధ్యాహ్నానికి అది ఖాళీ. మళ్లీ నింపుకొచ్చేవాడు, సాయంత్రానికి మళ్లీ ఖాళీ. గంటకు రెండుసార్లు లేచి వెనక బాత్రూముల వైపు వెళ్లేవాడు. లేచినప్పుడల్లా కుర్చీ చప్పుడు. "అన్నా, ఒక్క చాప్టరన్నా చదవనిస్తవా లేదా?" అని కసురుకున్నాను. మర్నాటి నుంచి లేచేటప్పుడు కుర్చీని రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టేవాడు. చప్పుడు పోయింది. లేవడం పోలేదు.

మొదటి టిక్కు అప్పుడే పడింది. ఎదురుగా చాయ్ బండి అక్క గ్లాసు అందిస్తుంటే అన్న మెల్లగా, "అక్కా, అయామ్ ఎ బిట్ అండర్ ది వెదర్" అన్నాడు.

"అంటే చాయ్ కావాల్నా, వద్దా?" అంది ఆమె.

అందరం నవ్వాం. అన్న కూడా నవ్వాడు. "నీరసంగ ఉన్నదక్కా" అన్నాడు. ఆమె చాయ్‌లో ఇంకో చెంచాడు చక్కెర వేసి ఇచ్చింది. నేను నోటుబుక్కు తెరిచి ఆకుపచ్చగా ఒక టిక్కు పెట్టాను. మొదటి పేజీ బోణీ అయిందని అందరం చప్పట్లు కొట్టాం.

రెండోది హాస్టల్ వార్డెన్‌తో. ఆయన చట్నీ మీద ఫిర్యాదేమో అనుకుని విసుక్కున్నాడట. ఇంకొకటి రోజూ పేపరు చదవడానికి వచ్చే పెద్దాయనతో. ఆయన "చెరుకు రసం తాగు నాయనా, ఎండ దెబ్బ" అన్నాడు. అన్న తాగాడు. రోజూ రెండు గ్లాసులు తాగేవాడు. నేను నారాయణగూడ నుంచి గ్లూకోజ్ పొడి డబ్బా తెచ్చి ఇచ్చాను. "మంచిగున్నది చెల్లె, జర దాహం తగ్గుతది" అని సీసాలో కలుపుకుని తాగాడు. కలిపింది నేనే. మూత కూడా నేనే బిగించాను.

ఒక టిక్కు వాళ్ల అమ్మతో. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమె ఫోన్ చేసేది. లౌడ్‌స్పీకర్ పెట్టి మాట్లాడేవాడు, నాకు సాక్ష్యం కోసం.

"పానం మంచిగున్నదా కొడుకా?"

"అయామ్ ఎ బిట్ అండర్ ది వెదర్ అవ్వా."

అటు నుంచి నవ్వు. గలగలా, ఆపుకోలేని నవ్వు. "ఏమంటున్నవ్‌ర? మళ్లొక్కసారి అను" అని, పక్కన ఎవరినో పిలిచి, "మా పిలగాడు ఇంగ్లీషు మాట్లాడుతుండు, ఇను" అని చెప్పడం వినబడింది. ఆమె కోసం మళ్లీ అన్నాడు. మళ్లీ నవ్వింది.

ఫోను పెట్టేశాక, "అర్థం చెప్పవా అన్నా?" అని అడిగాను.

"పానం మంచిగ లేదంటె ఏడుస్తది. గిట్ల అంటె నవ్వుతది. నవ్వనీ తియ్."

నాకు ఆ జవాబు చాలా నచ్చింది. బాగా చెప్పావన్నాను. టిక్కు పెట్టాను. ఆ జవాబులో ఉన్నదేమిటో నాకు తట్టలేదు. తట్టకపోవడానికి నేనేం చిన్నపిల్లని కాదు. జీవశాస్త్రం పేపర్లో క్లోమగ్రంథి గురించి అడిగితే నాలుగు పాయింట్లూ గడగడా చెప్పేదాన్ని.

బెల్టుకు కొత్త చిల్లు పడింది. జామెట్రీ బాక్సులోని కంపాస్ ముల్లుతో నా ముందే పొడుచుకున్నాడు. వారానికి ఇంకోటి. "మస్తు స్లిమ్ అయినవ్ అన్నా" అని మా వాళ్లు మెచ్చుకున్నారు. గళ్ల చొక్కా భుజాల దగ్గర జారింది. మోచేతుల దాకా మడిచిన చేతులు నిలవక మణికట్టు మీదికి వచ్చేస్తే మాటిమాటికీ పైకి లాక్కునేవాడు. కుర్చీ తుడవడం రెండు మూలలతో ఆగిపోయింది. కాలెండర్‌లో తేదీ కొట్టడం మరిచిపోయేవాడు. నేను గుర్తు చేస్తే, "అవు గదా" అని కొట్టేవాడు. అసలు కథ మొదలనే మాట మాత్రం మళ్లీ అనలేదు. ఆ మాట వినబడక నాకు హాయిగా ఉందని అనుకున్నాను. నిజం చెబుతున్నాను, అలాగే అనుకున్నాను.

టిక్కులు మాత్రం చకచకా పడ్డాయి. ఆటో అతనికి చెప్పాడు, జిరాక్స్ షాపులో చెప్పాడు, రూమ్మేట్‌కు చెప్పాడు. ప్రతివాళ్లూ ఏదో ఒకటి అన్నారు. ఎండ అన్నారు, టెన్షన్ అన్నారు, హాస్టల్ తిండి అన్నారు, రిజల్ట్స్ వస్తే అన్నీ పోతాయన్నారు. అశోక్ నగర్‌లో ఎవరికి ఏ రోగం వచ్చినా దాని పేరు టెన్షనే. తొమ్మిది నిండాయి.

పదోది నాతో.

ఆ రోజు శుక్రవారం, మధ్యాహ్నం మూడు. మాక్ టెస్ట్ కీ వచ్చింది. నావి పదకొండు తప్పులు, అందులో ఐదు తెలిసినవే. నా మీద నాకే కోపంగా ఉంది. అన్న ఆ రోజు ఆలస్యంగా వచ్చాడు. కుర్చీ తుడవకుండానే కూర్చున్నాడు. ఊపిరి పెద్దగా వినబడుతోంది, మెట్లెక్కి వచ్చినవాళ్లకు వచ్చేలాంటిది. మా షెడ్డుకు మెట్లు లేవు. దగ్గరికి వంగినప్పుడు మాగిపోయిన పండు వాసన వచ్చింది. సంచిలో జామపండ్లేమైనా పాడయ్యాయేమో అనుకున్నాను.

"చెల్లె" అన్నాడు. నేను తలెత్తలేదు. "అయామ్... అండర్ ది వెదర్."

"ఎ బిట్ మింగేసినవ్ అన్నా. సరిగ్గ చెప్పు."

ఊపిరి కూడదీసుకున్నాడు. తర్వాత మొత్తం వాక్యం ముక్క ముక్కగా, స్కూల్లో పిల్లలు అప్పజెప్పినట్టు, ఏదీ మింగకుండా చెప్పాడు. నోటుబుక్కు నా వైపు తనే జరిపాడు. నేను పదో గడిలో టిక్కు పెట్టి, కింద అటెస్టెడ్ అని రాసి సంతకం కూడా చేశాను. అప్పుడు తలెత్తి చూశాను.

"కంగ్రాట్స్ అన్నా. మూడు వారాల్ల పేజీ నింపినవ్. ఇది నీ రికార్డు."

పెదవులు ఎండి తెల్లగా ఉన్నాయి. ఆ పెదవులతోనే నవ్వాడు. "ఇగ రూముకు పోత చెల్లె" అన్నాడు. లేచి, కుర్చీని రెండు చేతులా ఎత్తబోయాడు. ఎత్తలేక, చప్పుడు కాకుండా అక్కడే వదిలి, గేటు వైపు నడిచాడు. గేటు దగ్గర ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఆగాడు. ఎవరితోనో మాట్లాడుతున్నాడనుకుని నేను పన్నెండో ప్రశ్నలోకి వెళ్లిపోయాను.

సీసా మరిచిపోయాడు. సాయంత్రం నేను లేచేటప్పుడు చూశాను, కుర్చీ కింద ఉంది, అడుగున గ్లూకోజ్ తెల్లగా పేరుకుని. దాని చుట్టూ చీమలు. నోటుబుక్కు కూడా కుర్చీ మీదే ఉంది. రెండూ ఇంటికి తీసుకెళ్లాను, రేపు ఇద్దామని.

శనివారం రాలేదు. ఆదివారం పొద్దున రూమ్మేట్ ఫోన్ చేశాడు. శుక్రవారం సాయంత్రమే వాంతులు మొదలయ్యాయట. పడుకుంటే తగ్గుతుందన్నాడట. శనివారం మధ్యాహ్నానికి పిలిస్తే పలకలేదు. ఆసుపత్రిలో సూది గుచ్చి చూస్తే షుగర్, మెషిన్ అంకె చూపించలేనంత ఉంది. ఇరవై ఎనిమిదేళ్ల మనిషికి షుగర్ ఉందని అతనికీ తెలియదు, ఎవరికీ తెలియదు. వాళ్లు చెయ్యగలిగిందంతా చేశారు. ఆదివారం పది గంటలకు నేను వెళ్లేసరికి అయిపోయింది. అక్కడి డాక్టరమ్మ చాలా చిన్నది, నా వయసే ఉంటుంది. కేకలెయ్యలేదు. అర్థం కాక అడిగింది, అంతే. "ఇంత దాహం, ఇంత సన్నబడ్డం... ఒక్కసారి కూడా ఒంట్లో బాగలేదని ఎవరికీ చెప్పలేదా?"

పదిసార్లు చెప్పాడు.

నా మీద నాకు అసహ్యం వేసింది. ఆ నియమం నాకు తెలుసు. అబద్ధానికి టిక్కు లేదని చెప్పి నా చెయ్యి పట్టుకుని ఆపిన మనిషి అతను. మూడు వారాల్లో పదిసార్లు ఆపలేదు. అతను మాట నేర్చుకుంటున్నాడని అందరం విన్నాం గాని, ఏం చెబుతున్నాడో ఒక్కరమూ వినలేదు. పానం మంచిగ లేదు చెల్లె అని ఒక్కసారి అతని మాటలో అని ఉంటే పెన్ను పారేసి లేచేదాన్ననుకుంటాను. లేచేదాన్నో కాదో, ఎవరు చెప్పాలి? ఇప్పుడు నేను నిజంగానే ఆకుపచ్చ సిరాతో సంతకాలు పెడతాను. ఒరిజినల్ కళ్లతో చూడనిదే ఏ కాగితం మీదా పెట్టను, ఎంతటివాళ్లొచ్చి అడిగినా సరే.

పదకొండో రోజు తర్వాత అన్న అమ్మానాన్నలు హాస్టల్లో సామాను తీసుకెళ్లడానికి వచ్చారు. నోటుబుక్కు ఇద్దామని నేను అశోక్ నగర్ వెళ్లాను. అమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. వాళ్ల నాన్న గదిలో పుస్తకాలు తాడుతో కడుతున్నాడు. నోటుబుక్కు తీసుకుని మొదటి పేజీ తెరిచాడు. ఇంగ్లీషు రాదు. గళ్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు.

"గీ పేజీ నిండింది గదా బిడ్డ. మావోడు చెప్తుండె, నిజమైతెనే చెల్లె టిక్కు పెడ్తదని. ఇదేం మాట?"

అబద్ధం చెప్పలేకపోయాను. "పానం మంచిగ లేదు అని, బాపు" అన్నాను.

ఆయన వేలు పదో గడి మీద ఆగింది. ఆ కింద ఉన్న నా సంతకం వైపు చాలాసేపు చూశాడు. నోటుబుక్కు మూసి, చొక్కా లోపల పెట్టుకున్నాడు. నన్ను ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేది.

నేను మెట్లు దిగుతుంటే అమ్మ నా కొంగు పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి గొంతు లేదు. అయినా ఆమె మొహంలో, ఎక్కడో, ఫోనులో విన్న ఆ నవ్వు జాడ ఉంది.

"బిడ్డ, మా పిలగాడు ఫోన్ల ఇంగ్లీషుల ఏమో అంటుండె. మస్తు నవ్వొస్తుండె నాకు. మళ్ల మళ్ల అనిపించుకున్న. యాదికి వస్తలేదు. ఏమంటుండె బిడ్డ? దాని అర్థమేంది?"

తల తిప్పి చూశాను. పైన గడపలో ఆయన నిలబడి ఉన్నాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"మంచిగున్న అవ్వా, పరేషాన్ కాకు అని" అన్నాను.

ఆమె కొంగు వదిలింది. నేను గేటు దాటి అశోక్ నగర్ రోడ్డు మీదికి వచ్చాను. అన్న ఉంటే ఆ మాటకు నన్ను టిక్కు పెట్టనిచ్చేవాడు కాదు.